నిద్ర ఎందుకొస్తుంది? - మన సుబ్బారావు గారి కథ

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మన పుదుచ్చేరిలో భాగమైన యానాం కూడా ఆ గోదావరి సీమలోనిదే. అందుకే సేదరపేట్‌లో ఉంటున్న మాకు ఆయన మనవారే అనిపిస్తారు.

మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఆయన ఖద్దరు కట్టడం సర్జరీ ప్రొఫెసరుకు నచ్చలేదు. దాంతో ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. బోస్టన్ చేరి, పొట్ట గడవడానికి రాత్రిళ్లు ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. 1929లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నారు.

కణాలు పనిచేయడానికి ఖర్చుపెట్టే శక్తిని అందించే అణువే ఏటీపీ. మెలకువగా ఉన్నంతసేపూ మెదడు దాన్ని వాడుతూనే ఉంటుంది. అది విడిపోగా వచ్చే ఎడినోసిన్ పేరుకునేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. నిద్రపోతే ఎడినోసిన్ తగ్గుతుంది. కాఫీ దాన్ని తొలగించదు, అది పనిచేసే చోట కాసేపు అడ్డు నిలుస్తుంది, అంతే. దీనికి తోడు, కంట పడే వెలుతురును బట్టి మెదడులోని గడియారం రాత్రీ పగలూ సరిచూసుకుంటుంది. చీకటి పడ్డాక మెలటోనిన్ ఊరుతుంది.

ఏటీపీకి, నిద్రకు ఉన్న ఈ సంబంధం తేలేనాటికి సుబ్బారావు గారు లేరు. బోదకాలుకు హెట్రజాన్ మందు తయారుచేయించిన ఆయన, మళ్లీ స్వదేశం చూడకుండానే 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే కన్నుమూశారు.

బదిలీలతో ఊరూరూ తిరిగే మనకు, సొంత ఊరికి దూరంగానే ఇంత సాధించిన ఆయన జీవితం ధైర్యాన్నిస్తుంది. పరీక్ష ముందు రాత్రి మాత్రం, మిత్రులారా, కాఫీ పక్కనపెట్టి హాయిగా నిద్రపోదాం!