అన్నీ విడిచారు, రాగాన్ని విడువలేదు
(పురుషోత్తమ చౌదరి గారి జీవితం)

తపస్సుకాలం మొదలైతే మన విచారణల్లో పాట మారుతుంది. డోలకు దెబ్బ నెమ్మదిస్తుంది. సిలువమార్గంలో ఒక స్థలం నుండి మరొక స్థలానికి నడిచేటప్పుడు పెద్దవయసు తల్లులు పుస్తకం చూడకుండానే పాత కీర్తన ఎత్తుకుంటారు. వారిలో చాలామందికి అక్షరం రాదు. అయినా చరణం తరువాత చరణం తప్పు పోకుండా పాడతారు. తెలుగు క్రైస్తవులందరి నోటా నానిన అటువంటి కీర్తనల్లో ‘త్రాహిమాం క్రీస్తునాథ’ ఒకటి. దానిని వ్రాసిన పురుషోత్తమ చౌదరి గారు కన్నుమూసి నూట ముప్పది ఏండ్లు దాటింది. పాట మాత్రం ఈనాటికీ బ్రతికే ఉంది.

ఆయన మన కతోలిక శ్రీసభకు చెందినవారు కారు, బాప్టిస్టు బోధకులు. అయితే రెండవ వాటికన్ మహాసభ 1964లో క్రైస్తవ ఐక్యతను గూర్చి ప్రకటించిన శాసనం, ఇతర సంఘాలలోని సోదరుల ద్వారా పరిశుద్ధాత్మ చేసిన మేలును గుర్తించి సంతోషించాలని మనకు నేర్పింది. ఆ సంతోషంతోనే ఈ వారం ఆయన కథ చెప్పుకుందాం.

పురుషోత్తమ చౌదరి గారు 1803లో, నాటి గంజాం సీమలోని పర్లాకిమిడి ప్రాంతంలో, మదనపురం అనే అగ్రహారంలో జన్మించారు. పూర్వులు బెంగాలు నుండి వచ్చిన బ్రాహ్మణులు. తండ్రి పేరు కూర్మనాథ చౌదరి. ఇంట్లో వైష్ణవ భక్తి, ఊరిలో తెలుగు, ఒరియా రెండు భాషలూ వినిపించేవి. అటువంటి ఇంట పుట్టిన పిల్లవాడికి దేవుని గూర్చిన మొదటి పాఠం పుస్తకంలో దొరకదు. తెల్లవారుజామున మేలుకొలుపుగా, పండుగనాడు భజనగా, ఏకాదశినాటి రాత్రి తాళాల చప్పుడుగా అది చెవిలో పడుతుంది. దేవునితో మాట్లాడాలంటే పాడాలి అన్న సంగతి ఆయనకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పవలసిన పని లేకపోయింది.

ఆ కాలం కూడా అటువంటిదే. భద్రాచల రామదాసు కీర్తనలు అప్పటికే తరాల నుండి భజన గోష్ఠుల్లో నడుస్తున్నాయి. చౌదరి గారు బాల్యంలో, యౌవనంలో ఉన్న రోజుల్లో తమిళ సీమలోని తిరువయ్యారులో త్యాగరాజు గారు తెలుగులో కృతులు కూరుస్తున్నారు. ఇంకా వెనక్కి పోతే, 13వ శతాబ్దంలో మన తెలంగాణ గడ్డమీద పాల్కురికి సోమనాథుడు సంస్కృత వృత్తాలను ప్రక్కకు పెట్టి, జనం పాడుకొనే ద్విపదలో బసవ పురాణం వ్రాశాడు. ప్రజలు పాడుకొనే తుమ్మెద పదాల గూర్చి, గొబ్బి పదాల గూర్చి, వెన్నెల పదాల గూర్చి తన పండితారాధ్య చరిత్రలో చెప్పాడు. భక్తి జనంలోకి పోవాలంటే పాట మీద ఎక్కి పోవాలని తెలుగు కవులు ఏనాడో గ్రహించారు.

యువకుడైన పురుషోత్తమ చౌదరి గారికి ముక్తిని గూర్చిన తపన పట్టుకుంది. పాపం ఎలా పోతుంది, మనసుకు శాంతి ఎక్కడ దొరుకుతుంది అన్న ప్రశ్న ఆయనను నిలువనీయలేదు. ఆ స్థితిలో క్రీస్తుప్రభువును గూర్చిన ఒక చిన్న తెలుగు పొత్తం ఆయన చేతికి వచ్చింది. దానిని చదివి ఊరుకోలేకపోయారు. మరింత తెలుసుకోవాలని విశాఖపట్నం వెళ్లి అక్కడి క్రైస్తవులను కలుసుకున్నారు. చివరకు 1833లో కటకంలో జ్ఞానస్నానం పొందారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పది.

ఆ నిర్ణయం ఖరీదు ఎంతో మనం ఈనాడు సులువుగా ఊహించలేం. జంధ్యం విడవాలి. అగ్రహారంలో చోటు పోతుంది. బంధువులు ఇంటి గుమ్మం ఎక్కనివ్వరు. ఎవరితో కూర్చుని భోజనం చేయరాదని చిన్ననాటి నుండి విన్నారో, ఇక వారి ప్రక్కనే కూర్చుని తినాలి. ఆయన వాటన్నిటికీ తలవంచారు. తరువాత భార్య కూడా ఆ విశ్వాసంలోకి వచ్చింది.

ఇక్కడ మనం ఒక క్షణం ఆగాలి. ఇన్ని విడిచిన మనిషి తనతో ఏమి తెచ్చుకున్నారు? రాగం తెచ్చుకున్నారు. తాళం తెచ్చుకున్నారు. పల్లవి, అనుపల్లవి, చరణం అనే తెలుగు కీర్తన చట్రాన్ని తెచ్చుకున్నారు. ఆ రోజుల్లో పడమటి దేశాల బోధకులు తమ ఇంగ్లీషు పాటలను తెలుగులోకి మార్చి, తమ బాణీలోనే పాడించేవారు. అర్థం తెలుగే అయినా నడక తెలుగు కాదు. పొట్టి అక్షరాన్ని సాగదీయాలి, పొడుగు అక్షరాన్ని నొక్కాలి. చౌదరి గారు ఆ దారిన పోలేదు. తన చెవిలో ఊరిన సంగీతాన్నే నమ్ముకున్నారు.

సంగీతం మాటను ఎలా పుట్టిస్తుందో కొంచెం చూద్దాం. పల్లవి మళ్లీ మళ్లీ తిరిగి వస్తుంది. అందుచేత నూరుసార్లు అన్నా విసుగు పుట్టని మాట ఒక్కటే అక్కడ నిలుస్తుంది. కవి తన గుండెలోని అసలు విన్నపం ఏదో తేల్చుకోక తప్పదు. తాళం అక్షరాలను లెక్కపెడుతుంది, కాబట్టి అనవసరపు మాటకు చోటుండదు. రెండవ అక్షరం కలిసే ప్రాస, పాదం మధ్యలో పడే యతి చదువురాని వారికి జ్ఞాపకపు కొక్కేలవుతాయి. ఇక రాగం మనసును ముందే సిద్ధం చేస్తుంది. నాదనామక్రియ వింటే పశ్చాత్తాపం కదులుతుంది. ముఖారి వింటే దుఃఖం కరుగుతుంది. మంగళం పాడేటప్పుడు సౌరాష్ట్రమో, మధ్యమావతో వినబడితే పని శుభంగా ముగిసిందన్న తృప్తి కలుగుతుంది. ఈ సంగతులన్నీ చెవిలో నిలిచి ఉన్న మనిషి కలం పట్టినప్పుడు, సగం మాటలు రాగమే అందిస్తుంది.

ఇది పరిశుద్ధ గ్రంథానికి కొత్త విషయం కాదు. రాజుల రెండవ గ్రంథం మూడవ అధ్యాయంలో ముగ్గురు రాజులు ఎలీషా ప్రవక్తను ప్రభువు వాక్కు అడుగుతారు. ప్రవక్త వెంటనే నోరు తెరువలేదు. ముందు వాద్యకారుని పిలిపించమన్నాడు. వాద్యం మ్రోగుతుండగా ప్రభువు హస్తం ఆయన మీదికి వచ్చింది, వాక్కు వెలువడింది. అలాగే 22వ కీర్తన తలమీద వేకువజాము లేడి అన్న మాట ఉంటుంది. అది ఆనాడు అందరికీ తెలిసిన ఒక పాట బాణీ పేరని అనేకమంది పండితుల అభిప్రాయం. అంటే తెలిసిన బాణీలో కొత్త ప్రార్థనను పోయడం యెరూషలేము దేవాలయమంత పాతది.

మన కతోలిక చరిత్రలోనూ ఒక ఉదాహరణ ఉంది. 18వ శతాబ్దంలో మంగళగిరి ఆనంద కవి క్రీస్తు చరిత్రను వేదాంత రసాయనం అనే కావ్యంగా వ్రాశాడు. అది గొప్ప రచన. తెలుగు సాహిత్య చరిత్రలో దానికి చోటుంది. కాని ఆ పద్యాలకు పండితుడు కావాలి. కీర్తనకు పండితుడు అక్కరలేదు, గొంతు ఉంటే చాలు. అందుకే కావ్యం గ్రంథాలయంలో నిలిచింది, కీర్తన సిలువమార్గంలో నడుస్తోంది.

చౌదరి గారు బోధకునిగా అభిషేకం పొంది విశాఖపట్నం, శ్రీకాకుళం, గంజాం ప్రాంతాలలో దీర్ఘకాలం సేవ చేశారు. ఆయన వ్రాసిన కీర్తనలు నూటికి పైగా ఉన్నాయి. శతకపద్యాలు వ్రాశారు. కులాచార పరీక్ష వంటి చిన్న పుస్తకాలు వ్రాసి, కులభేదాలను తర్కంతో ప్రశ్నించారు. ఆ తర్కగ్రంథాలు తమ కాలంలో తమ పని తాము చేశాయి. ఈనాడు వాటిని వెదకి చదివేవారు పరిశోధకులు మాత్రమే. పాటలు మాత్రం సంఘాల గోడలు దాటి వచ్చాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ఈనాటికీ పాటల తలమీద రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. తత్త్వశాస్త్రం చదువుకున్నవాడిగా తర్కం విలువ నాకు తెలుసు. అయినా తర్కం బుద్ధిని ఒప్పించి ఆగిపోయిన చోట, పాట గుండెలోకి దిగిపోతుందని ఒప్పుకోక తప్పదు. మిలాను నగరంలో సంఘం పాడుతున్న గీతాలు విని తాను కన్నీరు కార్చిన సంగతి పునీత అగస్టీను వారు తమ ఆత్మకథలో చెప్పుకున్నారు. అంతటి తార్కికుణ్ణి సైతం పాట కరిగించింది.

పురుషోత్తమ చౌదరి గారు 1890లో, ఎనుబది ఏండ్లు దాటిన పండు వయసులో, కటకంలోనే ప్రభువునందు నిద్రించారు. ఆయన కొత్త జీవితం మొదలైన పట్టణంలోనే ఆయన యాత్ర ముగిసింది.

ఆయన తరువాత డెబ్బదిమూడేండ్లకు, 1963 డిసెంబరు 4న, రెండవ వాటికన్ మహాసభ దైవారాధన శాసనాన్ని ప్రకటించింది. వేదవ్యాపక దేశాల ప్రజలకు తమ సొంత సంగీత సంప్రదాయం ఉందనీ, దానిని గౌరవించి ఆరాధనలో తగిన చోటు ఇవ్వాలనీ అందులో ఉంది. లాటిను పూజకు బదులు తెలుగు పూజ వచ్చింది. తబలా, హార్మోనియం, తాళాలు పీఠం దగ్గరకు చేరాయి. రోము నగరంలో మహాసభ పెద్దలు ఆలోచించి చెప్పిన దానిని, పర్లాకిమిడి సీమ మనిషి నూరేండ్ల ముందే పాడి చూపించారు.

ఇక మన సంగతి. మా నారాయణపేట చేనేత మగ్గాల ఊరు. ప్రక్కనే కన్నడ సీమ. చుట్టూ పల్లెల్లో బతుకమ్మ ఉయ్యాల పాటలు, నాట్ల పాటలు, కోలాటాలు, లాలిపాటలు ఉన్నాయి. మన తాతముత్తాతల చేతిలో డప్పు ఉంది. అయినా మన యువకులు కొత్త పాట వ్రాయాలంటే సెల్‌ఫోనులో ట్రాకు వెదుకుతారు, సినిమా బాణీలో ప్రభువు పేరు పెడతారు. చౌదరి గారూ తెలిసిన సంగీతాన్నే తీసుకున్నారు కదా అని ఎవరైనా అడగవచ్చు. తేడా ఒక్కటే. ఆయన తీసుకున్నది తాను ప్రార్థించిన సంగీతాన్ని. ఆ రాగం వింటే జనానికి దేవుడు గుర్తుకు వచ్చేవాడు. సినిమా బాణీ వింటే గుర్తుకు వచ్చేది తెర.

అంతకంటే బాధ కలిగించేది మరొకటి ఉంది. ఆయన కులాన్ని విడిచి, పాటను వెంట తెచ్చుకున్నారు. మనం దానిని తిరగవేశాం. కులాన్ని మోసుకొని గుడిలోకి వస్తున్నాం, పెండ్లి సంబంధం దగ్గర, పేట పెద్దల ఎన్నిక దగ్గర దానిని బయటకు తీస్తున్నాం. అమ్మమ్మ పాటను మాత్రం నామోషీ అనుకొని గడప అవతల వదిలేస్తున్నాం. డప్పు పట్టుకోవడానికి సిగ్గుపడుతున్నాం.

తల్లిదండ్రులకు ఒక చిన్న పని చెబుతాను. శనివారం సాయంత్రం జపమాల ముగిసిన తరువాత, ఇంట్లో ఉన్న పెద్దవారిని తమకు వచ్చిన లాలిపాటనో, నాటుపాటనో మాటలు లేకుండా కూనిరాగంగా అనమనండి. పిల్లలు రెండు మూడుసార్లు మౌనంగా వినాలి. తరువాత మరునాటి సువిశేష పఠనం చదవండి. అందులో మనసుకు తగిలిన ఒక్క సంగతిని ఆ బాణీలో ఒక్క పల్లవిగా పిల్లలనే కట్టమనండి. నోటికి అడ్డం పడిన మాటను తీసేయండి. మరో వారం ఒక చరణం చేర్చండి. మూడు నెలల్లో ఆ ఇంటికి తనదంటూ ఒక కీర్తన ఉంటుంది. అది అచ్చు కాకపోవచ్చు. కాని మీ పిల్లవాడు పెద్దవాడై, ఏ దూరప్రాంతంలోనో కష్టంలో పడి ప్రార్థనకు మాట దొరకనప్పుడు, ముందు ఆ బాణీ గుర్తుకు వస్తుంది. మాట దాని వెనుకే వస్తుంది.