మూడో కుండ నుంచి రైల్వే బోర్డు దాకా: జగ్జీవన్ రామ్ చూపిన నిచ్చెన

ఏప్రిల్ నెల వచ్చిందంటే మన వాడల్లో విగ్రహాలకు కొత్త రంగులు పడతాయి. 5వ తేదీన బాబూ జగ్జీవన్ రామ్ జయంతి, 11న ఫూలే జయంతి, 14న అంబేద్కర్ జయంతి. తెలుగు రాష్ట్రాల్లో చాలా ఊళ్లలో అంబేద్కర్ విగ్రహానికి కాస్త దూరంలోనే టోపీ పెట్టుకున్న జగ్జీవన్ రామ్ కూడా నిలబడి ఉంటారు. దండ వేస్తాం, నాలుగు మాటలు చెప్పుకుంటాం. ఉప ప్రధాని అయ్యారని, 1971 యుద్ధం నాటి రక్షణ మంత్రి అని, యాభై ఏళ్లు చట్టసభల్లో ఉన్నారని చెప్పుకుని ఇంటికి వచ్చేస్తాం. ఆయన రైల్వే మంత్రిగా ఉన్న ఐదేళ్లకు పైగా కాలం గురించి మాత్రం సభల్లో పెద్దగా వినిపించదు. అశోక్‌నగర్ గదుల్లో సివిల్స్‌కు, ఇంజనీరింగ్ సర్వీసులకు చదువుతున్న మన పిల్లలు తెలుసుకోవాల్సింది ఎక్కువగా అక్కడే ఉందని మేము అనుకుంటున్నాం.

జగ్జీవన్ రామ్ 1908 ఏప్రిల్ 5న బీహార్‌లోని ఆరా పట్టణం దగ్గర చంద్వా గ్రామంలో చమార్ కుటుంబంలో పుట్టారు. తండ్రి శోభీ రామ్ బ్రిటిష్ సైన్యంలో పనిచేసి, తర్వాత శివనారాయణీ పంథాలో మహంతు అయ్యారు. పిల్లవాడికి ఊహ తెలిసీ తెలియని వయసులోనే ఆయన చనిపోయారు. తల్లి వాసంతీదేవి కష్టపడి చదివించింది. ఆరా టౌన్ స్కూల్లో అప్పటికే నీళ్లకు రెండు కుండలు ఉండేవి. ఒకటి హిందువులకు, ఒకటి ముస్లింలకు. జగ్జీవన్ హిందువుల కుండలో నీళ్లు తాగాడని ఫిర్యాదు వెళితే, హెడ్మాస్టరు అంటరాని పిల్లల కోసం మూడో కుండ పెట్టించారు. ఆ కుర్రవాడు దాన్ని పగలగొట్టాడు. ఇంకోటి పెడితే అదీ పగలగొట్టాడు. చివరికి మూడో కుండ పెట్టడమే మానేశారు.

ఈ కథ మనలో చాలామందికి తెలుసు. దాని తర్వాతి భాగమే అంతగా తెలియదు. మదన్ మోహన్ మాలవ్యా ఆరా వచ్చినప్పుడు ఈ విద్యార్థి స్వాగతోపన్యాసం చేశాడు. మెచ్చుకున్న మాలవ్యా బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి రమ్మన్నారు. మార్కులున్నాయి, సీటు వచ్చింది, స్కాలర్‌షిప్ కూడా వచ్చింది. హాస్టల్‌లో మాత్రం భోజనం దగ్గర వెలి. ఊళ్లో క్షౌరం చేసేవాడు లేడు. ఇంటర్ అక్కడ ముగించి, ఆయన కలకత్తా వెళ్లి 1931లో బీఎస్సీ పూర్తి చేశారు. చదువులో నెగ్గి లోపలికి అడుగుపెట్టిన మనిషిని కూడా లోపల ఎన్ని రకాలుగా వెలివేయవచ్చో ఆయనకు ఇరవై ఏళ్లకే అర్థమైంది. ఆయన రైల్వే రోజుల్ని తెలుసుకోవడానికి ఈ బనారస్ అనుభవమే తాళం చెవి.

ఆ తర్వాతి ప్రయాణం వేగంగా సాగింది. 1935లో అఖిల భారత అణగారిన వర్గాల లీగ్ స్థాపనలో ముందున్నారు. 1936లో బీహార్ శాసన మండలికి, 1937లో శాసనసభకు వెళ్లారు. స్వాతంత్ర్యోద్యమంలో రెండుసార్లు జైలుకు వెళ్లారు. 1946 తాత్కాలిక ప్రభుత్వంలో అందరికంటే చిన్న వయసు మంత్రిగా కార్మిక శాఖ చేపట్టారు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం, 1948 కనీస వేతనాల చట్టం, అదే ఏడాది ఈఎస్‌ఐ చట్టం ఆయన హయాంలో వచ్చినవే.

1956 సెప్టెంబరులో మన మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయింది. నవంబరులో మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు దగ్గర మరో ఘోరం జరిగింది. రెండుచోట్లా వందమందికి పైగా చనిపోయారు. లాల్ బహదూర్ శాస్త్రి రైల్వే మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ కుర్చీలోకి డిసెంబరులో జగ్జీవన్ రామ్ వచ్చారు. 1962 ఏప్రిల్ దాకా ఉన్నారు. సిగ్నల్ ఇంజనీర్లకు శిక్షణ ఇచ్చే సికింద్రాబాద్ సంస్థ 1957లో మొదలైంది ఆయన కాలంలోనే.

అప్పటికి రైల్వేలో పది లక్షలకు పైగా ఉద్యోగులు. దేశంలో అంతమందికి జీతమిచ్చే సంస్థ ఇంకోటి లేదు. మనవాళ్లు అందులో మొదటినుంచీ ఉన్నారు. ఎక్కడ ఉన్నారన్నదే ప్రశ్న. పట్టాల మీద గ్యాంగ్‌మన్లుగా, స్టేషన్లు ఊడ్చేవాళ్లుగా, బోగీల కింద మలం కడిగేవాళ్లుగా ఉన్నారు. రైలును నడిపించే ఆజ్ఞలు జారీ అయ్యే గదుల్లో లేరు. ఆ పైగదుల ఉద్యోగాలకు అప్పటి సర్కారు కాగితాల్లో ఉన్న పేరే సుపీరియర్ రెవెన్యూ ఎస్టాబ్లిష్‌మెంట్. పేరులోనే మెట్లున్నాయి.

ఆ పై మెట్టు ఎక్కడానికి దారి పోటీ పరీక్షే. ట్రాఫిక్, అకౌంట్స్ అధికారులను యూపీఎస్‌సీ ఐఏఎస్‌తో కలిపి జరిపే పరీక్ష ద్వారా, సివిల్, ఎలక్ట్రికల్, సిగ్నల్ వంటి విభాగాల అధికారులను ఇంజనీరింగ్ సర్వీసుల పరీక్ష ద్వారా తీసుకునేవారు. మెకానికల్ అధికారుల కోసం బీహార్‌లోని జమాల్‌పూర్ వర్క్‌షాపులో ఒక ప్రత్యేక శిక్షణ ఉండేది. ఇంటర్ చదివిన కుర్రాళ్లను పరీక్ష పెట్టి ఎంచుకుని అక్కడ తర్ఫీదు ఇచ్చేవారు. ఆ పద్ధతి 1927లో మొదలైంది. దాదాపు అవే సంవత్సరాల్లో, అదే బీహార్ నుంచి వెళ్లిన ఒక చమార్ కుర్రవాడు బనారస్‌లో తిండి కోసం అవమానం పడుతున్నాడు. మొదట ఆ పరీక్ష హాలు దాకా వెళ్లగలిగింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఈ తలుపును మొదట తోసినవారు అంబేద్కర్. వైస్రాయ్ కౌన్సిల్‌లో సభ్యుడిగా ఉండి ఆయన పట్టుబట్టడంతో 1943లో కేంద్ర ఉద్యోగాల్లో షెడ్యూల్డ్ కులాలకు 8.33 శాతం కేటాయింపు వచ్చింది. 1946లో అది 12.5 శాతమైంది. రాజ్యాంగం అమల్లోకి వచ్చాక 1950లో బహిరంగ పోటీ ద్వారా నింపే ఉద్యోగాల్లో ఎస్సీలకు 12.5, ఎస్టీలకు 5 శాతంగా ఖరారైంది. నేటి 15, 7.5 శాతాలు 1970లో వచ్చాయి.

కాగితం మీద కోటా ఉన్నా, రాతపరీక్ష తర్వాత ఇంటర్వ్యూ ఉంది. ఇంటర్వ్యూ దాటి ఉద్యోగంలో చేరితే కాన్ఫిడెన్షియల్ రిపోర్టు ఉంది. రైల్వేలో వాటితోపాటు సెలక్షన్ పోస్టులు ఉండేవి. అంటే సీనియారిటీ ఒక్కటే చూడకుండా, పైఅధికారుల బోర్డు కూర్చుని తగినవాడని ఎంచుకుంటేనే దక్కే పదోన్నతులు. కింది ఉద్యోగి ఎంత కాలం పనిచేసినా ఆ బోర్డు దయ ఉండాలి. బోర్డులో కూర్చునేది అగ్రకులాల అధికారులే. తగినవారు దొరకలేదని ఫైల్లో రాస్తే అడిగే దిక్కు లేదు. బనారస్ హాస్టల్‌కూ ఈ బోర్డుకూ పెద్ద తేడా లేదు. లోపలికి రానిచ్చారు, పంక్తిలో కూర్చోనివ్వలేదు.

జగ్జీవన్ రామ్ రైల్వే మంత్రిగా ఉండగా, 1959లో, రైల్వే బోర్డు రెండు సర్క్యులర్లు జారీ చేసింది. క్లాస్ త్రీలోని సెలక్షన్ పోస్టుల్లో, అంటే పదోన్నతుల్లో కూడా, ఎస్సీ ఎస్టీలకు రిజర్వేషన్ అమలు చేయాలని వాటి సారాంశం. అవి అధికారుల పోస్టులు కావు. ఇన్‌స్పెక్టర్లు, సూపర్‌వైజర్ల స్థాయి పోస్టులు. నిచ్చెనలో మధ్య మెట్టు. మధ్య మెట్టు లేకపోతే కింద ఉన్నవాడు పైకి ఎలా వెళతాడు?

వెంటనే కోర్టు కేసు పడింది. దక్షిణ రైల్వేలో కోర్ట్ ఇన్‌స్పెక్టరుగా ఉన్న రంగాచారి మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. రిజర్వేషన్ ఉద్యోగంలో చేరేటప్పుడే తప్ప పదోన్నతికి వర్తించదన్నది వాదన. హైకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. దక్షిణ రైల్వే జనరల్ మేనేజర్ పేరుతో అప్పీలు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1961 ఏప్రిల్ 28న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా చీలి, రైల్వే సర్క్యులర్లు చెల్లుతాయని తేల్చింది. మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ గజేంద్రగడ్కర్. ఉద్యోగాల్లో తగిన ప్రాతినిధ్యం అంటే తలల లెక్క ఒక్కటే చూస్తే చాలదని, ఏ స్థాయిలో ఉన్నారన్నది కూడా చూడాలని ఆ తీర్పు అంగీకరించింది.

ఈ ఒక్క అంశం కోసమే మేము ఈ వ్యాసం రాస్తున్నాం. పదోన్నతుల్లో రిజర్వేషన్ గురించి ఈ దేశంలో జరిగిన తొలి పెద్ద రాజ్యాంగ పోరాటానికి వేదిక రైల్వే. ఆ సమయంలో రైల్వే మంత్రి ఒక దళితుడు. 1965 నాటి లెక్కలు చూస్తే ఆ పోరాటం ఎందుకు అవసరమైందో తెలుస్తుంది. కేంద్ర ప్రభుత్వ క్లాస్ వన్ ఉద్యోగాల్లో ఎస్సీలు 1.64 శాతం. క్లాస్ ఫోర్‌లో 17.75 శాతం. కోటా అమల్లోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటాక కూడా పరిస్థితి అది. చీపురు దగ్గర కోటా కంటే ఎక్కువ, సంతకం దగ్గర నూటికి ఇద్దరు కూడా లేరు.

గెలుపు ఎక్కువ కాలం నిలవలేదు. ఆయన రైల్వే వదిలాక, 1963లో కేంద్రం పదోన్నతుల్లో రిజర్వేషన్లను బాగా కుదించింది. తిరిగి 1968 నుంచి 1974 దాకా ఒక్కో మెట్టుకూ ఒక్కో ఉత్తర్వు వచ్చింది. 1980లో మళ్లీ రైల్వే ఉద్యోగుల కేసులోనే, జస్టిస్ కృష్ణయ్యర్ ఉన్న ధర్మాసనం రైల్వే బోర్డు రిజర్వేషన్ ఉత్తర్వులను సమర్థించింది. 1992లో మండల్ కేసు తీర్పు రంగాచారి తీర్పును పక్కన పెట్టి, పదోన్నతుల్లో రిజర్వేషన్ కుదరదంది. 1995లో 77వ సవరణతో పార్లమెంటు దాన్ని నిలబెట్టింది. ఆ కేసులు నేటికీ పూర్తిగా ముగియలేదు.

జగ్జీవన్ రామ్‌ను మేము దేవుణ్ణి చేయదలచుకోలేదు. ప్రత్యేక రాజకీయ శక్తిగా దళితులు నిలవాలని అంబేద్కర్ పోరాడుతున్నప్పుడు ఆయన కాంగ్రెస్‌తోనే నడిచారు. 1975లో ఎమర్జెన్సీని ఆమోదించాలని లోక్‌సభలో తీర్మానం పెట్టింది ఆయనే. 1977 ఫిబ్రవరిలో బయటికి వచ్చి కొత్త పార్టీ పెట్టారు గానీ, ఆ తీర్మానం చరిత్రలో ఉండిపోయింది. ఈ విమర్శ చేయాల్సిందే. విమర్శ చేస్తూనే, అధికారంలో ఉన్న దళితుడు శాఖ లోపలి నిబంధనలను ఎలా కదిలించవచ్చో కూడా ఆయన కాలం నుంచి నేర్చుకోవాలి. ఒకరు రాజ్యాంగంలో రాశారు, ఇంకొకరి శాఖలో అది పదోన్నతుల జాబితా దాకా వెళ్లింది. మన వాడల్లో ఆ ఇద్దరి విగ్రహాల మధ్య గోడ కట్టేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఎంత ఎత్తుకు వెళ్లినా కులం ఆయన్ను వదల్లేదు. 1978లో రక్షణ మంత్రి హోదాలో బనారస్ వెళ్లి సంపూర్ణానంద్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఆయన వెళ్లాక కొందరు ఆ విగ్రహాన్ని గంగాజలంతో కడిగారు. విద్యార్థిగా ఉన్నప్పుడు క్షౌరం చేయని ఊరు, యాభై ఏళ్ల తర్వాత దేశ సైన్యాలకు మంత్రిగా వచ్చినా మైలగానే చూసింది. మరుసటి ఏడాది ఆయన ఉప ప్రధాని అయ్యారు. 1986 జూలై 6న చనిపోయేనాటికి కూడా ఆయన లోక్‌సభ సభ్యుడే.

ఇప్పుడు రైల్వే అధికారుల పరీక్షల రూపం మారుతోంది. జమాల్‌పూర్ ప్రత్యేక ఎంపిక ఆగిపోయింది. 2019 డిసెంబరులో ఎనిమిది సర్వీసులను కలిపి ఒకే సర్వీసు చేయాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. మొదట సివిల్స్ ద్వారానే తీసుకుంటామన్నారు. 2024లో మళ్లీ సివిల్స్, ఇంజనీరింగ్ సర్వీసులు రెండింటి ద్వారా అన్నారు. పరీక్ష పేరు మారినప్పుడల్లా మన పిల్లలు సిలబస్ చూసుకుంటారు. చూసుకోవాలి కూడా. దానితోపాటు రోస్టర్ చూడాలి, బ్యాక్‌లాగ్ ఎంతో అడగాలి, ఇంటర్వ్యూ మార్కులు ఎలా పడుతున్నాయో సమాచార హక్కు కింద అడగాలి, కింది ఉద్యోగాలు కాంట్రాక్టుకు పోతే కోటా ఏమవుతుందో యూనియన్లను నిలదీయాలి. పరీక్ష రాసేది ఒక్కరే అయినా, ఈ పని ఒక్కరితో అయ్యేది కాదు.

ఆరా స్కూల్లో మూడో కుండ మొదటిసారి పగిలినప్పుడు ఇంకో కుండ పెట్టారు. దాన్నీ పగలగొట్టాకే ఆగిపోయింది. ఈ ఏప్రిల్‌లో దండ వేసేటప్పుడు, ఆ రెండో కుండను కూడా గుర్తు చేసుకుందాం.