ద్వారం వేంకటస్వామినాయుడుగారు: బడినుండి వృత్తికి

నక్కపల్లిలో మందుల తయారీకై తలపెట్టిన పారిశ్రామికవాడకు 2025 జనవరి 8వ తేదీన ప్రధానమంత్రి విశాఖపట్టణమునందు శంకుస్థాపన గావించిరి. ఉద్యోగములమాట వచ్చినప్పుడెల్ల భూములిచ్చిన కుటుంబములను, ఐ.టి.ఐ. చదివిన యువకులను తలంచుట సహజమే. చూపులేని పిల్లలు, వినికిడిలేని పిల్లలు, కాలుసేతులు స్వాధీనమున లేని పిల్లలు పదవతరగతి ముగిసిన మఱునాడు ఎచ్చటికి పోవుదురో విచారించువారు మాత్రము అరుదు. ఈ సందర్భమున ఉత్తరాంధ్రమున పెరిగి పెద్దవారైన ద్వారం వేంకటస్వామినాయుడుగారి చరిత్ర మాకు స్ఫురించుచున్నది.

నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన బెంగుళూరున జన్మించిరి. తండ్రిగారు సైన్యోద్యోగి. కుటుంబము విశాఖపట్టణమున స్థిరపడెను. బాల్యముననే దృష్టి మందగించుటచే వారి బడిచదువు సాగలేదు. నల్లబల్ల కానరాని పిల్లవానికి ఆ కాలపు బడిలో చోటెక్కడిది? అన్నగారు వేంకటకృష్ణయ్యగారు తమ్మునిచూచి జాలిపడి ఊరకుండక, చేతికి ఫిడేలిచ్చి, తామే గురువులై నేర్పిరి. ఏ కొలువు దొరకునో, అసలు దొరకునో లేదో తెలియకమునుపే సాగిన శిక్షణ మది. ఆ యేండ్లే లేకున్న తరువాతి కథ లేదు.

ఇక విజయనగరపు సంగతి. సంస్థానోద్యోగి చాగంటి జోగారావుగారి కుమారునకు చూపు లేదు. సంగీతమునం దాసక్తి మిక్కుటము. ఆ బాలుని మేలు తలపోసిన విజయరామగజపతి మహారాజుగారు, అట్టి యితరులకును ఉపకరించునట్లు 1919 ఫిబ్రవరి 5వ తేదీన సంగీతపాఠశాలను నెలకొల్పి, ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షులనుగా నియమించిరి. ఒక్క అంధబాలుని భవిష్యత్తును గూర్చిన చింతనుండి ఒక విద్యాలయము పుట్టినదన్నమాట! నాయుడుగారు అచటికి విద్యార్థిగా చేరుటకే వెళ్లిరి. వారి వాదనమును విన్నపిమ్మట పెద్దలు వారిని ఆచార్యునిగా నియమించిరి. అప్పటికి వారి వయస్సు ఇరువదియైదు, ఇరువదియాఱేండ్లు. విజయనగరమువారు పరీక్షించినది ఆయన చేతిని.

ఇచట నొక మనవి. అంధులకు సంగీతమే గతియని మా తాత్పర్యము కాదు. చూపులేనివానికి పాట, కాలులేనివానికి టెలిఫోనుబూతు అని మనము చిరకాలము ముందుగానే పంపకములు చేసితిమి. అది దయ కావచ్చును గాని విచారణ కాదు. చాగంటివారి బాలునకు సంగీతముపై మక్కువ యున్నది గనుకనే సంగీతపాఠశాల. మఱియొకనికి లెక్కలపై మక్కువ యుండవచ్చును, యంత్రములపై నుండవచ్చును.

1936లో నారాయణదాసుగారి అనంతరము నాయుడుగారే కళాశాలాధ్యక్షులైరి. గాయకుని ప్రక్కన ఒదిగియుండెడి ఫిడేలును ఒంటరిగా కచ్చేరీ చేయగల వాద్యముగా నిలిపిన ప్రముఖులలో వా రొకరు. 1941లో సంగీతకళానిధి, 1957లో పద్మశ్రీ బిరుదములు వరించినవి. 1964 నవంబరు 25వ తేదీన పరమపదించిరి.

నేడు రాజులు లేరు, చట్టము కలదు. 2016 సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము నలువదిశాతమునకు తక్కువగాని వైకల్యము గలవారికి 18 ఏండ్లవఱకు ఉచితవిద్యను, ప్రభుత్వోద్యోగములలో 4 శాతమునకు తక్కువగాని వాటాను విధించినది. పనివారిలో కనీసము 5 శాతము అట్టివారిని నియమించుకొను ప్రైవేటు యజమానులకు ప్రోత్సాహకము లీయవలెననియు చెప్పుచున్నది. కాని పని నేర్వని బాలునకు వాటా యేమి సేయును? మందుల కర్మాగారమున పరీక్షశాల, పొట్లములు కట్టు విభాగము, గిడ్డంగి, కంప్యూటరు లెక్కలు అని పనులు పలువిధములు. ఏ బిడ్డ దేనికి తగునో తెలియవలెనన్న తొమ్మిదవతరగతినాడే వాని యభిరుచి నడిగి, సామర్థ్యమును చూచి, సెలవులలో పనిచోటును చూపింపవలెను. వినికిడిలేనివానికి సైగలభాష తెలిసిన శిక్షకుడు, చక్రాలకుర్చీవానికి బస్సు, వాలుదారి కావలెను. నక్కపల్లి మండల విద్యాశాఖవారు ఉన్నతపాఠశాలలలోని యిట్టి పిల్లల పేళ్లతోను, వారు కోరు పనులతోను ఒక పట్టిక సిద్ధముచేసి, కర్మాగారములలో నియామకములు మొదలగుటకు ముందే యజమానుల ముందుంచవలెనని కోరుచున్నాము.