లండనులో మోహనదాసు ఆదివారములు

మహాపురుషుల జీవితములను చదువువారు సాధారణముగా వారి ఘనకార్యములనే చూతురు. ఆ కార్యములకు బలమునిచ్చిన చిన్న అలవాట్లు ఎక్కడ మొలకెత్తినవో గమనించువారు తక్కువ. మహాత్మాగాంధీ పాదచారమునకును, సత్యవ్రతమునకును గల మొలకలు కొన్ని ఆయన విద్యార్థిదశలో, సెలవుదినముల షికార్లలో కానవచ్చును.

1869 అక్టోబరు 2వ తేదీన పోరుబందరులో జన్మించిన మోహనదాసు, పందొమ్మిదవ యేట బారిష్టరు చదువునకై ఇంగ్లండు పోదలచెను. మద్యమాంసములను ముట్టననియు, పరస్త్రీ సాంగత్యమునకు దూరముగా నుందుననియు ప్రమాణము చేసిన పిమ్మటనే తల్లి పుత్లీబాయి అనుమతించెను. భార్య కస్తూరిబాయిని, నెలల పసికందు హరిలాలును ఇంట విడిచి, 1888 సెప్టెంబరు 4వ తేదీన ఆయన బొంబాయిలో ఓడ యెక్కెను.

ఓడ గమ్యము చేరినది సెప్టెంబరు చివరి శనివారము. దిగునాటికని భద్రపరచుకొన్న తెల్లని ఫ్లానెలు దుస్తులను ధరించి ఒడ్డున దిగి చూడగా, అట్టి దుస్తులలో నున్నవాడు తానొక్కడే. పెట్టెలన్నియు ఏజెంటు వశమున నుండెను. మరునాడు ఆదివారమగుటచే సోమవారమువరకు అవి చేతికి రావని తెలిసెను. పరదేశమున ఆయన మొదటి ఆదివారము అట్లు సిగ్గుతోనే గడచెను.

తొలిదినములలో ఆకలి పెద్ద బాధ. శాకాహారము దొరకు భోజనశాలకై ప్రతిదినము పది పన్నెండు మైళ్లు తిరిగి, ఏదో చౌక హోటలులో రొట్టెతో కడుపు నింపుకొని మరలివచ్చుచుండెను. ఒకనాడు ఫారింగ్డన్ వీథిలో అట్టి భోజనశాల కంటబడెను. ఇంగ్లండు చేరిన పిదప తృప్తిగా తిన్న తొలి భోజనమదియే. అక్కడనే ఒక షిల్లింగు పెట్టి హెన్రీ సాల్టు రచించిన శాకాహార గ్రంథమును కొనెను. అంతవరకు తల్లికిచ్చిన మాటకై మాంసమును విడిచినవాడు, ఆ గ్రంథమును చదివిన నాటినుండి తన యిష్టముచేతనే విడిచెను.

దొరవేషము, నాట్యము, ఫిడేలు అను వ్యామోహములు కొన్ని నెలలు ఆయనను పట్టి విడిచెను. పిమ్మట ప్రతి కాసునకు లెక్క వ్రాయ నారంభించెను. బండి కూలి మిగులునట్లు, పనియున్న చోటికి అరగంటలో నడచిపోదగిన గదులను అద్దెకు తీసికొనెను. దినమునకు ఎనిమిది పది మైళ్ల నడక అలవాటయ్యెను. ఆ దేశమున నున్నంత కాలము వ్యాధులు దరిచేరకుండుటకు ఈ నడకయే కారణమని ఆయన నమ్మిక.

అయినను ఆ నడకకు పరీక్ష తప్పలేదు. ఇంగ్లండునకు దక్షిణమున వైట్ ద్వీపమునందు వెంట్నారను ఊరు గలదు. సెలవులలో అచ్చటికి పోయినప్పుడు, బసయిచ్చిన యింటి యజమానురాలి కుమార్తె ఆయనను చుట్టుపట్ల గుట్టలు చూపుటకు వెంటబెట్టుకొని పోయెను. ఆమె దారిపొడవునను మాటలాడుచుండ, మోహనదాసు అవును కాదు అనుటతో సరిపెట్టుచుండెను. గుట్టపైనుండి దిగుట పెద్ద సమస్య యయ్యెను. ఎత్తుమడమల బూట్లతో నున్నను ఆ యిరువదియైదేండ్ల యువతి బాణమువలె క్రిందికి దూసికొనిపోయెను. ఆయన మాత్రము నడుమ నడుమ ప్రాకుచు, ఎట్లో క్రిందికి చేరెను. ఆమె నవ్వుచు మెచ్చుకొనగా ఆయన సిగ్గు రెట్టింపయ్యెను.

1889 నాటి మహాప్రదర్శనమును చూచుటకు పారిస్ నగరమునకును పోయెను. అచ్చట ఎక్కువగా కాలినడకనే తిరిగెను. ఈఫెల్ గోపురముపై భుజించితినని చెప్పుకొనుటకు మాత్రమే ఏడు షిల్లింగులు వ్యయపరచితినని పిమ్మట తానే ఒప్పుకొనెను. నోటర్‌డామ్ దేవాలయపు గాంభీర్యము మాత్రము ఆయన మనస్సున నిలిచిపోయెను.

అన్నింటికంటె ముఖ్యమైనది బ్రైటన్ ప్రయాణము. మొదటి సంవత్సరముననే ఆ సముద్రతీర పట్టణమునకు పోగా, హోటలులో వంటకముల పట్టిక ఫ్రెంచి భాషలో నుండెను. ఏది శాకమో ఏది మాంసమో తెలియక తికమకపడుచున్న యువకునకు, అదే బల్లయొద్ద కూర్చున్న ఒక వృద్ధ వితంతువు తోడ్పడెను. ఆ పరిచయము స్నేహమయ్యెను. ప్రతి ఆదివారము లండనులోని తన యింటికి భోజనమునకు రమ్మని ఆమె ఆహ్వానించెను.

ఆ యింటిలో ఒక యువతియు నుండెను. మోహనదాసు బిడియము పోగొట్టవలెనని వృద్ధురాలు వారిరువురను మాటలాడుకొననిచ్చి తాను తప్పుకొనెడిది. మొదట ఇది కష్టముగా తోచెను. రానురాను ఆయన ఆదివారము కొరకు ఎదురుచూడసాగెను. వారిరువురకు వివాహము కాగలదని వృద్ధురాలు తలపోసియుండవచ్చును.

ఆ కాలమున ఇంగ్లండులో విద్యార్థులు వివాహితులై యుండుట అరుదు. అందుచే అచ్చటి మన యువకులు తమకు పెండ్లియైనదని చెప్పుటకు సిగ్గుపడెడివారు. చెప్పినచో ఆ కుటుంబములలోని యువతులతో స్వేచ్ఛగా తిరుగ వీలుండదనియు వెనుదీసెడివారు. మోహనదాసును వారి దారినే త్రొక్కెను. నోటితో అసత్యమాడలేదు, కాని మౌనమే అసత్యమై కూర్చుండెను.

తుదకు ఆ భారమును మోయలేక ఆమెకు జాబు వ్రాయ నిశ్చయించెను. పలుమారులు వ్రాసి, దిద్ది, మరల వ్రాసెను. తాను బాల్యముననే వివాహితుడనియు, ఒక కుమారుని తండ్రిననియు, ఇంతకాలము దాచుట తప్పనియు తెలిపెను. ఇకమీదట ఆహ్వానింపకున్నను నొచ్చుకొననని విన్నవించెను. పోగొట్టుకొనుటకు ఆయన సిద్ధపడినది చిన్న వస్తువు కాదు. ఆ పరాయి నగరమున ఆప్యాయతతో అన్నము పెట్టు ఇల్లది.

తిరుగుటపాలోనే ప్రత్యుత్తరము వచ్చెను. ఆ జాబును చదివి వారిరువురు సంతోషించిరి, మనసార నవ్వుకొనిరి. వచ్చు ఆదివారము తప్పక రావలెననియు, బాల్యవివాహపు ముచ్చట వినగోరుచున్నామనియు వ్రాసిరి. స్నేహము చెడలేదు. నాటినుండి తన వివాహమును గూర్చి చెప్పుటకు ఆయన వెనుదీయలేదు.

1891 జూన్ 10వ తేదీన బారిష్టరై, 12వ తేదీన ఆయన స్వదేశమునకు ఓడ యెక్కెను. వెంట్నారు గుట్టపై ప్రాకిన ఆ కాళ్లే 1930లో, అరువదవ యేడు దాటిన పిదప, సబర్మతినుండి దండివరకు సుమారు 240 మైళ్లు నడచినవి. తన తప్పును తానే వ్రాసి పంపిన ఆ చేయియే తరువాత ఆత్మకథలో ఈ విషయములన్నింటిని దాచక లోకమునకు తెలిపినది.