ఖాజా నసీరుద్దీన్ తూసీ

పదమూడవ శతాబ్దమున మంగోలు సేనలు త్రొక్కిన నేలపై పుట్టి, ఆ విజేత కొలువులోనే నక్షత్రశాలను నెలకొల్పిన విద్వాంసుడు నసీరుద్దీన్ తూసీ. ఆయనను కొందరు శాస్త్రరక్షకుడనిరి. కొందరు బాగ్దాదు పతనమునకు తోడ్పడిన ద్రోహి యనిరి. ఆయన జీవితమును చెప్పుచు, ఈ రెండు మాటలను మేమిచట తూచి చూచెదము.

తూసీ 1201వ సంవత్సరమున ఖురాసానులోని తూస్ నగరమున జన్మించెను. తండ్రి ధర్మశాస్త్రవేత్త. యౌవనమున విద్య నభ్యసించినది నీషాపూరులో. ఆ నీషాపూరును 1221లో చంగీజు ఖాను కుమారుడైన తులూయి సేనలు నేలమట్టము గావించినవి. విద్యానగరము లొక్కొక్కటిగా కూలుచుండిన ఆ కాలమున తూసీకి ఆశ్రయమిచ్చినవి ఇస్మాయిలీల కొండకోటలు. కూహిస్తాను పాలకుని పేర 1235 ప్రాంతమున 'అఖ్లాఖె నాసిరీ' యను నీతిగ్రంథమును పారసీక భాషలో రచించెను. అక్బరు చక్రవర్తి చదివించుకొని వినిన గ్రంథములలో నిది యొకటి. మొగలుల కొలువులోని మున్షీలకు ఆదరపాత్రము. ఆ కోటలలో తూసీ అతిథియా, బందీయా యన్న వివాదము నేటికిని తెగలేదు.

1256లో హులాగూ ఖాను ఇస్మాయిలీల రాజ్యమును లొంగదీసెను. అలమూతు కోటలోని గ్రంథాలయమునుండి చరిత్రకారుడు జువైనీ ఖురాను ప్రతులను, విలువగలవని తోచిన గ్రంథములను, ఖగోళ యంత్రములను ఏరి తీసి, మతవిరుద్ధములని తలచినవానిని కాల్చివేయించెను. తూసీ హులాగూ కొలువు చేరెను. పూర్వప్రభువులను పొగడిన పీఠికను తన నీతిగ్రంథమునుండి తొలగించి క్రొత్తది వ్రాసెను. నీతిశాస్త్రమునకే ఇట్టి గతి పట్టుట మాకు చేదుగానే తోచినది.

ఇక బాగ్దాదు. ఖలీఫాపై కత్తి దూసినచో అరిష్టములు కలుగునని జ్యోతిష్కుడు హుసాముద్దీన్ హెచ్చరించెను. తూసీ నడుగగా, అరిష్టమేమియు కలుగదనియు, ఖలీఫా స్థానమున హులాగూ ఉండుననియు చెప్పెనని రషీదుద్దీన్ తన చరిత్రలో వ్రాసెను. 1258 ఫిబ్రవరిలో నగరము పడినది. ఖలీఫా ముస్తాసిము వధింపబడెను. మృతులు రెండు లక్షలకు మించిరని, 1262లో ఫ్రాన్సు రాజునకు పంపిన లేఖలో హులాగూయే చెప్పుకొనెను. ఖలీఫా లోబడనిచో నాశనము చేయుమని హులాగూ అన్నయగు మోంగ్కే ముందే ఆజ్ఞాపించి యుండెను గనుక, తూసీ మాటవలననే బాగ్దాదు కూలెననుట అతిశయోక్తి. అయినను ఆయనను నిర్దోషి యనుటకు మాకు నోరు రాదు.

మరుసటి సంవత్సరము, అనగా 1259లో, మరాఘాలో నక్షత్రశాల ప్రారంభమైనది. వఖ్ఫు ఆదాయములపై తూసీకి అధికారమబ్బినందున ధనమునకు కొరత లేదు. డమాస్కసునుండి వచ్చిన ఉర్దీ యంత్రములను నిర్మించెను. చీనా పండితుడొకడు తమ దేశపు పంచాంగ గణితమును వివరించెను. 1260లో సిరియాలో మంగోలులకు చిక్కిన ముహియుద్దీన్ మగ్రిబీ, తాను జ్యోతిష్కుడనని చెప్పి ప్రాణము దక్కించుకొని ఇచటికే చేరెను. బాగ్దాదులో పదునాలుగేండ్ల ప్రాయమున బందీగా చిక్కిన ఇబ్నుల్ ఫువతీని తూసీ చేరదీయగా, అతడు మరాఘా గ్రంథాలయాధికారియై పిదప చరిత్రకారుడుగా పేరొందెను. ఆ గ్రంథాలయమున నాలుగు లక్షల సంపుటములుండెనని పూర్వులు వ్రాసిరి. సంఖ్య ఎట్లున్నను, వానిలో పెక్కు బాగ్దాదునుండియు సిరియానుండియు కొల్లగొని తెచ్చినవే.

గ్రహగతులను పూర్తిగా పరిశీలించుటకు ముప్పది యేండ్లు కావలెనని, శని ఒక చుట్టు తిరుగుట కంతకాలము పట్టునని తూసీ కోరెను. హులాగూ పండ్రెండేండ్లే ఇచ్చెను. 1265లో తానే కాలధర్మము నొందెను. అతని కుమారుడు అబాఖా కాలమున 'జీజె ఇల్ఖానీ' అను గ్రహపట్టిక ముగిసినది. ఒక వృత్తములో దానిలో సగము కొలతగల వృత్తము దొర్లినచో, చిన్న వృత్తముపైనున్న బిందువు సరళరేఖలో కదలునని తూసీ నిరూపించెను. 1543లో కోపర్నికసు గ్రంథమున ఇదే యుక్తి కనబడును. అది ఐరోపాకు చేరిన దారిని పండితులింకను వెదకుచునే యున్నారు.

తూసీ 1274 జూన్ 26న బాగ్దాదులోనే కన్నుమూసెను. ఆయనను అచటి కాజిమైనులో సమాధి చేసిరి.