దాదాభాయి నౌరోజీ చరిత్రము

మన మహాసభా సంచికయందు పారసీకుడైన దాదాభాయి నౌరోజీ చరిత్రమేల యని చదువరులు కొందఱు సంశయింపవచ్చును. దేశమున బుట్టిన సంపద యెవ్వరి యింటికి జేరుచున్నదని యంకెలతో నడిగిన మహనీయుడు గావున, నాతని జీవితము ప్రతి సంఘమునకును బాఠమని మేము తలంచుచున్నాము.

నౌరోజీ 1825వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన బీద పురోహిత కుటుంబమున జన్మించెను. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతింపగా, తల్లి మాణిక్‌బాయి కష్టించి పెంచెను. బొంబాయిలో జీతము పుచ్చుకొనని పాఠశాల యుండుటచేతనే యాతనికి విద్య యబ్బెను. ప్రజల ధనముతో లభించిన యా విద్య ప్రజలకు దీర్పవలసిన ఋణమని యాతడు యావజ్జీవము భావించెను. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో గణితాచార్యుడయ్యెను. మిత్రులతో గూడి 1849లో బాలికా పాఠశాలలు నెలకొల్పెను. 1855లో వర్తకమునకై లండను నగరమున కేగెను.

1853లో బొంబాయి నుండి ఠాణాకు మొదటి రైలు నడచెను. పిదప నినుపదారులు పెరిగెను, ఎగుమతులు పెరిగెను. కావున దేశము భాగ్యవంతమగుచున్నదని పాలకులు చెప్పుకొనిరి. నౌరోజీ 1876లో బొంబాయియందు జదివిన వ్యాసమున దీనికి లెక్కలతో బదులు చెప్పెను. 1867-70 ప్రాంతముల ప్రభుత్వపు గణాంకములనే గైకొని, సాలునకు దలకొక్కింటికి సగటు ఉత్పత్తి 20 రూపాయలని తేల్చెను. కేవల ప్రాణధారణమునకే ప్రాంతమునుబట్టి 16 మొదలు 35 రూపాయల వఱకు గావలెను. కారాగృహమందలి నేరస్థునికి బెట్టు తిండితోడను బోల్చి చూపెను. సగటులో ధనికుల భాగమును జేరియుండును గావున, బేదవాని పాలు సగటుకంటెను దక్కువయే యని హెచ్చరించెను. ప్రజలిచ్చు పన్నులలో గొంత భాగము వేతనములుగను, ఉపకారవేతనములుగను, ఋణములపై వడ్డీగను సీమకు బోవుచుండుటయే దారిద్ర్యకారణమని యాతని సిద్ధాంతము.

ఆ యేటనే మన సీమలను ధాత కరువు క్రమ్మెను. బళ్లారి, కర్నూలు, కడప మండలములందు జనము మలమల మాడుచుండగా, దేశమునుండి ధాన్యము ఓడలపై బోవుచునే యుండెను.

1892లో నౌరోజీ ఇంగ్లీషు పార్లమెంటునకు స్వల్పాధిక్యమున నెన్నికయ్యెను. కాంగ్రెసునకు ముమ్మాఱు అధ్యక్షుడయ్యెను. 1901లో దన పరిశోధనములను గ్రంథముగ బ్రకటించెను. 1917వ సంవత్సరము జూను 30వ తేదీన బొంబాయిలో బరమపదించెను. అయినను స్వదేశమందలి భూస్వామికిని గూలివానికిని గల యంతరమునుగూర్చి యాతడు వ్రాసినది తక్కువ. ఆ లెక్క మనకు మిగిలినది.

స్వాతంత్ర్యము వచ్చినది, 1991 తరువాత దేశాదాయము పలుమడుగులు పెరిగినది. మన సంఘమందును మేడలు లేచినవి, పట్టభద్రులు పెరిగిరి. వారి పేళ్లు ప్రకటించుకొనుట సంతోషమే. కాని పదిమంది లక్షాధికారులను నూఱుగురు కూలివారితో గలిపి సగటు కట్టి, సంఘము వృద్ధినొందెనని చెప్పుకొనుట న్యాయమా? ఫీజు కట్టలేక చదువు మానిన బాలిక యెన్ని యిండ్లలో నున్నదో తెలిసికొనుటయే సరియైన లెక్క. ఋణము దీర్చుకొనుట యెట్లో నౌరోజీ చూపి పోయెను. మహారాజపోషకులును, సభ్యులును విద్యార్థి వేతన నిధికి జందా లిచ్చునపుడు దానిని దానమని కాక ఋణశేషమని తలంతురుగాక యని మేము ప్రార్థించుచున్నాము.