మేనాలో కాశీకి వెళ్లిన వీరాస్వామి

ఎత్తిపోతలలో 70 అడుగుల ఎత్తు నుంచి దూకే చంద్రవంకను చూడాలంటే మాచర్లలో సాగర్ బస్సెక్కితే చాలు. మరి బస్సూ రైలూ లేని రోజుల్లోనో? చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని, కష్టపడి మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ అయిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న దాదాపు వందమంది పరివారంతో కాశీకి బయల్దేరారు. ఆడవాళ్లూ వెంట ఉన్నారండోయ్! చంద్రవంక కలిసే కృష్ణకే ఎగువనున్న శ్రీశైలాన్ని నల్లమల అడవిదారిన, భీముని కొలను మీదుగా వెళ్లి చూశారు. కొండలూ నదులే కాదు, ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుందో, ఎక్కడ మంచినీళ్లున్నాయో కూడా రాసుకున్నారు. (మగవారికి ఇవి పట్టడం అరుదే మరి!) 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. స్నేహితుడు శ్రీనివాస పిళ్లె ఆ రాతల్ని 'కాశీయాత్ర చరిత్ర'గా 1838లో అచ్చువేయించారు. అప్పటికి వీరాస్వామి పోయి రెండేళ్లయింది.